భయానక చిత్రకథలు: వాని చరిత్ర, వాని ఆకర్షణ

మన అలంకారశాస్త్రమున భయమునకు కూడ ఒక గౌరవస్థానము కలదు. భరతుడు నాట్యశాస్త్రమున చెప్పిన ఎనిమిది రసములలో భయానకము ఒకటి. భయము దానికి స్థాయీభావము. దాని ప్రక్కనే బీభత్సమును చెప్పినాడు. దానికి జుగుప్స స్థాయీభావము. బీభత్సమునుండి భయానకము పుట్టునని కూడ ఆయన చెప్పియున్నాడు. లోకములో భయపడుట ఎవరికిని ఇష్టము కాదు. పులి ఎదురుపడినవాడు పరుగెత్తును గాని నిలిచి ఆనందింపడు. అదే పులి కథలోనికి వచ్చినప్పుడు, వినెడి పిల్లవాడు దుప్పటి ముసుగు పెట్టుకొనియైనను ‘తరువాత ఏమయినది?’ అని అడుగును. ఈ వైచిత్రిని మన లాక్షణికులు వేయి యేండ్లకు పైగా విచారించినారు. అమెరికా దేశమున 1954లో ఇదే ప్రశ్న ఒక సెనేటు ఉపసంఘము ముందునకు వచ్చినది. అక్కడ సాక్ష్యముగా నిలిచినవి పది సెంట్ల వెల గల బొమ్మల కథల పత్రికలు. వాని చరిత్రను, వాని ఆకర్షణను గూర్చి ఈ ప్రసంగములో ముచ్చటింప దలచినాము.

అమెరికాలో వీనిని ‘హారర్ కామిక్స్’ అందురు. ఒక సంచికలో మొదటినుండి చివర వరకు ఒకే నాయకుని కథ సాగెడి పత్రికలు వేరు. మేము చెప్పబోవునవి కథాసంపుటముల వంటివి. సంచికకు మూడు నాలుగు కథలు. ఒక కథలోని పాత్ర మరియొక కథలో కనిపింపదు. ప్రతి కథయు ఆరేడు పుటలలో ముగియును. ఈ కథలన్నింటిని ఒక దారమున గ్రుచ్చువాడు కథకుడు. అతడు మొదట ప్రత్యక్షమై పాఠకుని పలుకరించును. కథ ముగిసిన పిదప మరల వచ్చి ఒక వెకిలి మాట విసరి పోవును. పాఠకులు కథల పేర్లు మరచినను ఈ కథకులను మరువలేదు.

ఇట్టి కథకుడు కాగితముపై పుట్టినవాడు కాడు. అతడు ముందుగా రేడియోలో పుట్టినాడు. మా వృత్తికి సంబంధించిన విషయము గనుక దీనిని కొంచెము వివరముగా చెప్పుట మాకు సంతోషము. 1931లో న్యూయార్కు ప్రాంతపు డబ్ల్యూ.ఓ.ఆర్. కేంద్రము నుండి ‘ది విచెస్ టేల్’ అను నాటకమాలిక ప్రసారము కాజొచ్చినది. అలోంజో డీన్ కోల్ దాని రచయిత. సేలమ్ పట్టణపు ముసలి మంత్రగత్తె నాన్సీ తన నల్లపిల్లిని ఒడిలో పెట్టుకొని, వినువారిని దీపములు ఆర్పుమని హెచ్చరించి కథ మొదలుపెట్టెడిది. 1934లో షికాగోలో ‘లైట్స్ అవుట్’ మొదలయినది. దానిని విల్లిస్ కూపర్ ప్రారంభింపగా, 1936 నుండి ఆర్చ్ ఓబోలర్ నడపి ప్రసిద్ధుడయినాడు. 1941లో వచ్చిన ‘ఇన్నర్ శాంక్టమ్’ మాలికకు కిర్రుమని తెరచుకొనెడి తలుపు చప్పుడే ముద్రగా నిలిచినది. ఆ తలుపు వెనుక రేమండ్ అనెడి వ్యాఖ్యాత నవ్వుచు చావును గూర్చి ఛలోక్తులు విసరెడివాడు.

రేడియోలో భయము సులభముగా పండుటకు కారణము కలదు. కంటికి ఏమియు కనిపింపదు. శ్రోత తన మనస్సులోని చీకటినుండియే దయ్యమును కల్పించుకొనును. శబ్దవిభాగమువారు చేయునది ఒక సూచన మాత్రమే. అయితే ఒంటరిగా చీకటిలో కూర్చున్న శ్రోతకు తోడు కూడ కావలెను. ఆ తోడు వ్యాఖ్యాత గొంతు. భయపెట్టువాడును అతడే, ‘ఇది కథయే సుమా’ అని గుర్తుచేయువాడును అతడే. ఈ రెండు పనులను ఒక్కని చేత చేయించుట రేడియో నాటకకర్తలు కనిపెట్టిన కిటుకు. అదే కిటుకును చిత్రకథలు అందిపుచ్చుకొన్నవి.

ఇక పత్రికల కథకు వత్తము. అమెరికాలో చిత్రకథా పుస్తకముల వ్యాపారమునకు ఆద్యులలో ఒకడు మాక్స్‌వెల్ గెయిన్స్. అతడు 1944లో ‘ఎడ్యుకేషనల్ కామిక్స్’ అను సంస్థను స్థాపించి బైబిలు కథలను, చరిత్ర కథలను బొమ్మలలో ప్రచురించినాడు. 1947 ఆగస్టులో లేక్ ప్లాసిడ్ సరస్సుపై జరిగిన పడవ ప్రమాదములో మరణించినాడు. అతని కుమారుడు విలియం గెయిన్స్‌కు అప్పటికి ఇరువదియైదేండ్లు. రసాయనశాస్త్రోపాధ్యాయుడు కావలెనని అతని కోరిక. తండ్రి విడిచిన సంస్థ తనకు ఇష్టము లేకయే అతని నెత్తిన పడినది. 1948లో ఆల్ ఫెల్డ్‌స్టీన్ అను యువ చిత్రకారుడు వచ్చి చేరినాడు. ఇద్దరును చిన్ననాడు రేడియోలో భయానక నాటకములు వినినవారే. ఆ నాటకములే తమకు ప్రేరణ అని తరువాతి కాలమున చెప్పినవారే. సంస్థ పేరులోని ‘ఎడ్యుకేషనల్’ అను మాట తొలగి ‘ఎంటర్‌టెయినింగ్’ అను మాట వచ్చినది. పొడి అక్షరములు మాత్రము మారలేదు. అందుచేత పాఠకులకు అది ఎప్పుడును ‘ఇ.సి.’ యే.

భయానక పత్రికలను మొట్టమొదట వెలువరించినది వీరే అనుకొనరాదు. 1947లో ఏవన్ సంస్థ ‘ఈరీ’ అను పేర ఒక సంచికను వెలువరించినది. 1948లో ‘అడ్వెంచర్స్ ఇన్‌టు ది అన్నోన్’ అను పత్రిక క్రమముగా రాసాగినది. ఇ.సి. వారు తమ నేరకథల పత్రికలలో ప్రయోగముగా ఒకటి రెండు దయ్యముల కథలను వేసి చూచి, 1950లో మూడు పత్రికలను పూర్తిగా భయానకమునకే అంకితము చేసినారు. ‘ది క్రిప్ట్ ఆఫ్ టెర్రర్’ మొదటిది. మూడు సంచికల తరువాత దాని పేరు ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ అయినది. రెండవది ‘ది వాల్ట్ ఆఫ్ హారర్’. మూడవది ‘ది హాంట్ ఆఫ్ ఫియర్’. చిత్రమేమనగా వీనిలో ఏ ఒక్కటియు ఒకటవ సంఖ్యతో మొదలు కాలేదు. క్రొత్త పత్రికకు తపాలా శాఖలో మరల రుసుము చెల్లింపవలసి వచ్చునని, నిలిచిపోయిన పాత పత్రికల వరుస సంఖ్యలనే కొనసాగించినారు. ‘క్రిప్ట్’ 17వ సంఖ్యతో, ‘వాల్ట్’ 12వ సంఖ్యతో, ‘హాంట్’ 15వ సంఖ్యతో పుట్టినవి!

మూడు పత్రికలకు ముగ్గురు కథకులు: నేలమాళిగ కావలివాడు, గుప్తాగారపు కావలివాడు, ముసలి మంత్రగత్తె. ఒకరి పత్రికలో మరియొకరు చొరబడి కథ చెప్పి, పరస్పరము ఎత్తిపొడుచుకొనెడివారు. ఆ మంత్రగత్తె రేడియోలోని నాన్సీకి చెల్లెలు వంటిదని వేరే చెప్పనక్కరలేదు.

పని జరిగిన పద్ధతి కూడ తెలిసికొనదగినది. గెయిన్స్‌కు రాత్రులు నిద్ర పట్టెడిది కాదు. తెల్లవార్లు కథల పుస్తకములు చదివి, బీజములను చీటీలపై వ్రాసికొని ఉదయము కార్యాలయమునకు తెచ్చెడివాడు. ఫెల్డ్‌స్టీన్ వానిలో ఒకదానిని ఎన్నుకొని, ఇంచుమించు దినమునకు ఒక కథ చొప్పున వ్రాసెడివాడు. మాటలు ముందు, బొమ్మలు తరువాత. గళ్ళు గీసి, అక్షరములు వ్రాసిన అట్టను చిత్రకారునకు ఇచ్చెడివారు. మిగిలిన చోటును చిత్రకారుడు తన ఇష్టము వచ్చినట్లు నింపుకొనవచ్చును. ఒకని శైలిని మరియొకడు అనుకరింపవలెనను నియమము ఈ సంస్థలో లేదు. జానీ క్రెయిగ్ గీతలు శుభ్రముగా, ఇస్త్రీ చేసిన చొక్కా వలె ఉండును. ఆ శుభ్రత వలననే లోపలి క్రౌర్యము ఎక్కువగా వెరపించును. గ్రేహమ్ ఇంగెల్స్ గీతలు కుళ్ళిన వేళ్ళవలె సాగును. జాక్ డేవిస్ బొమ్మలలో పల్లెటూరి హాస్యము తొణికిసలాడును. బొమ్మపై చిత్రకారుని సంతకము ఉండెడిది; ఆయనను గూర్చి పరిచయ వ్యాసములు కూడ ప్రకటించెడివారు. ఆ కాలపు చిత్రకథా వ్యాపారములో ఇది అరుదైన మర్యాద.

ఒకసారి ఒక దొంగతనము కూడ జరిగినది. రే బ్రాడ్‌బరీ వ్రాసిన రెండు కథలను కలిపి, అనుమతి అడుగకయే 1952లో ఒక చిత్రకథగా చేసినారు. బ్రాడ్‌బరీ న్యాయస్థానమునకు పోలేదు. తనకు రావలసిన పారితోషికము పొరపాటున అందలేదు కాబోలునని మర్యాదగా ఒక ఉత్తరము వ్రాసినాడు. సొమ్ము వెంటనే ముట్టినది. తరువాత ఆయన అనుమతితోనే ఎన్నో కథలు ఆ పత్రికలలో వెలువడినవి.

ఇంతకును ఈ కథలలో పాఠకులను కట్టిపడవేసినది ఏది? రెండు కథలను సంగ్రహముగా చెప్పెదము. 1952లో వచ్చిన ఒక కథలో ఒక వృద్ధుడు కలడు. పేదవాడు, పిల్లలన్న ప్రాణమిచ్చువాడు. అతని పాత ఇల్లు తమ వీథి అందమునకు మచ్చ అని పొరుగున ఉన్న ధనికులైన తండ్రీకొడుకులు భావించినారు. అతనిని వెళ్ళగొట్టుటకు ఒక్కొక్క ఆసరాను తీసివేసినారు. చివరకు ప్రేమికుల పండుగనాడు ఊరివారందరు వ్రాసినట్లుగా, అతనిని దూషించుచు కార్డులు పంపినారు. వృద్ధుడు ఆ దుఃఖముతో ఉరి వేసికొనినాడు. మరుసటి యేడు అదే దినమున సమాధి పగిలినది. ఆ తరువాతి సంగతిని పాఠకులు ఊహించుకొనవచ్చును. 1955లో వచ్చిన మరియొక కథలో అంధుల ఆశ్రమమునకు క్రొత్త అధికారి వచ్చి, వారి కూటిసొమ్ముతో తాను విలాసముగా బ్రతుకును. చలికి, ఆకలికి ఒక అంధుడు చనిపోవును. మిగిలినవారు వడ్రంగము నేర్చినవారు. వారు నేలయింటిలో ఒక ఇరుకు నడవను నిర్మించి, దాని గోడలనిండ క్షురకత్తుల పలుకులు పొదిగి, ఆ అధికారిని అందులోనికి నడిపించి, వెనుక ఆకలిగొన్న అతని కుక్కను విడిచి, దీపము ఆర్పివేయుదురు. చీకటి ఎట్టిదో అతడు మొదటిసారిగా తెలిసికొనును.

ఈ రెండు కథలలోను దయ్యము కంటె బలమైనది ఒకటున్నది. అది న్యాయము. చట్టమునకు అందని పాపమునకు కథలో శిక్ష పడినది. ముసలివాని గుండెను పగులగొట్టినవానిని ఏ పోలీసు పట్టుకొనును? లెక్కలు సరిగా వ్రాసిన అధికారిని ఎవరు విచారింతురు? అట్టి పాపములు ప్రతి వీథిలోను జరుగునని పిల్లవానికి తెలియును. పెద్దలు వానిని చూడనట్లు నటింతురనియు తెలియును. యుద్ధము ముగిసి, క్రొత్త ఇండ్లు, క్రొత్త కార్లు, చిరునవ్వుల ప్రకటనలు అమెరికాను నింపిన కాలమది. వీధిలో అందరును సుఖముగా ఉన్నారని పత్రికలన్నియు చెప్పుచుండగా, ఈ పది సెంట్ల పత్రికలు మాత్రము తలుపు తెరచి లోపలి కలహములను, కపటమును, అణుబాంబు భయమును చూపినవి. ఇదే సంస్థ ప్రచురించిన మరికొన్ని పత్రికలలో జాతివిద్వేషమును, మూకహత్యలను ఖండించిన కథలు కూడ వచ్చినవి.

రెండవ ఆకర్షణ కథకుడు. మన బేతాళుని తలచుకొన్నచో ఈ విషయము సుబోధమగును. శవమును భుజముపై మోసికొని పోవు రాజునకు ఆ శవములోని బేతాళుడే కథ చెప్పును. పదునొకండవ శతాబ్దిలో సోమదేవుడు కథాసరిత్సాగరములో చేర్చిన ఈ కథాచక్రము, చందమామ పత్రిక మూలమున 1950ల దశకమునుండి తెలుగు బాలబాలికలకు నెలనెలయు అందినది. భుజముపై శవము, చేత కత్తి గల విక్రమార్కుని, చిత్రకారుడు శంకర్ గీచిన ఆ బొమ్మను ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. శ్మశానము, చీకటి, శవము, ఇన్ని ఉన్నను ఆ కథలు పిల్లలకు భయము కంటె కుతూహలమునే ఎక్కువ కలిగించినవి. కథ చివర బేతాళుడు ధర్మసందేహమును అడుగుటయే దానికి కారణము. అమెరికా కథకుడు ప్రశ్న అడుగడు, శ్లేష విసరును. బేతాళుడు పాఠకుని ఆలోచింపజేయును, కావలివాడు పాఠకుని నవ్వించును. ఇద్దరును చేయు ఉపకారము ఒక్కటే: భయమునకు ఒక గట్టు కట్టుదురు. గట్టున కూర్చున్నవాడు వరదను చూడగలడు.

మూడవ ఆకర్షణ కథ పొట్టితనము. పాఠకునికి మొదటి పుటలోనే తెలియును, చివరి గడిలో ఏదో ఒక తలక్రిందు కానున్నదని. తెలిసికూడ ఊహింపలేకపోవుట ఒక ఆట. నాలుగవది పాఠకుల కూటమి. ఉత్తరముల పుటలో కథకులు పాఠకులను తిట్టెడివారు. పాఠకులు తిరిగి తిట్టెడివారు. 1953లో ఒక అభిమానుల సంఘము కూడ ఏర్పడినది. పెద్దలు కాదన్న వస్తువును తామందరు కలిసి చదువుచున్నామను సంతోషము పిల్లలకు ఎంత బలమైనదో చెప్పనక్కరలేదు.

అయితే ఈ చిత్రమునకు మరియొక ప్రక్క కలదు. దానిని దాచుట సత్యమునకు ద్రోహము. 1953, 1954 నాటికి ఇ.సి.ని చూచి ఎన్నో సంస్థలు భయానక పత్రికలను గుప్పించినవి. న్యాయము వెనుకబడి, నెత్తురు ముందునకు వచ్చినది. ఇ.సి. వారును మినహాయింపు కారు. 1953లో వారు వేసిన ఒక కథలో, హత్య చేసిన బేస్‌బాల్ ఆటగాని అవయవములతోనే మిగిలిన ఆటగాండ్రు అర్ధరాత్రి ఆట ఆడుదురు. అది చదివి నవ్వినవారును ఉన్నారు, కడుపులో త్రిప్పినవారును ఉన్నారు. భరతుని మాటలలో చెప్పవలెనన్నచో, భయానకమును కోరి వచ్చిన పాఠకునికి బీభత్సమును మాత్రమే వడ్డించినారు. ఏడెనిమిదేండ్ల పిల్లవాడు కూడ అదే అంగడిలో, అదే పది సెంట్లకు దానిని కొనుక్కొనగలడు. తల్లిదండ్రుల ఆందోళన అకారణమని మేము అనజాలము.

ఆ ఆందోళన మాత్రము క్రొత్తది కాదు. 1948లోనే వెస్టు వర్జీనియాలోని స్పెన్సర్‌లోను, న్యూయార్కు రాష్ట్రపు బింగామ్టన్‌లోను పాఠశాలల పిల్లలచేత చిత్రకథల పుస్తకములను కుప్పలు పోయించి తగులబెట్టించినారు. నాజీల గ్రంథదహనము జరిగి అప్పటికి పదునైదేండ్లు మాత్రమే. ఈ ఉద్యమమునకు శాస్త్రీయమైన గొంతు ఇచ్చినవాడు డాక్టరు ఫ్రెడరిక్ వెర్థామ్. జర్మనీలో పుట్టిన ఈ మనోవైద్యుడు దుష్టుడు కాడు. 1946లో న్యూయార్కు హార్లెమ్‌లో నల్లజాతి పేదల కొరకు ఒక చర్చి భవనపు నేలయింటిలో లాఫార్గ్ వైద్యశాలను ఆరంభించి, ఇరువదియైదు సెంట్లకు చికిత్స చేసినవాడు. వర్ణవివక్ష గల పాఠశాలలు పిల్లల మనస్సులను గాయపరచునని డెలావేర్ రాష్ట్రపు వ్యాజ్యములో ఆయన ఇచ్చిన సాక్ష్యము విలువైనది. ఆయన 1954లో ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నొసెంట్’ అను గ్రంథమును ప్రకటించి, బాలుర నేరములకు చిత్రకథలు ముఖ్యకారణములలో ఒకటి అని వాదించినాడు.

అదే సంవత్సరము ఏప్రిలు 21న బాలనేరములపై సెనేటు ఉపసంఘము న్యూయార్కులో విచారణ ప్రారంభించినది. వెర్థామ్, గెయిన్స్ ఇద్దరును ఆ దినముననే సాక్ష్యమిచ్చినారు. గెయిన్స్‌ను ఎవరును బలవంతపెట్టలేదు. తానే కోరి వచ్చినాడు. తన అభిరుచికి సరిపడినదే తాను ప్రచురింతునని చెప్పినాడు. అప్పుడు సెనేటరు ఎస్టిస్ కెఫావర్, గెయిన్స్ సంస్థ వెలువరించిన ఒక నేరకథల పత్రిక ముఖచిత్రమును ఎత్తి చూపినాడు. అందులో ఒక చేత గొడ్డలి, మరియొక చేత స్త్రీ తల పట్టుకొన్న మనుష్యుడు ఉన్నాడు. ఇది మంచి అభిరుచియేనా యని సెనేటరు ప్రశ్న. భయానక పత్రిక ముఖచిత్రముగా మంచి అభిరుచియే యని గెయిన్స్ సమాధానము. తలను ఇంకను పైకి ఎత్తి, మెడనుండి నెత్తురు కారుచున్నట్లు చూపినచో అది చెడ్డ అభిరుచి యని కూడ వివరించినాడు. ఆ మాటతో ఓడిపోయినాడు. మరునాడు పత్రికలు ఆ సంభాషణను దేశమంతట చాటినవి.

ఉపసంఘము ప్రభుత్వ సెన్సారును కోరలేదు. కోరవలసిన పనియు లేకపోయినది. ప్రచురణకర్తలే సెప్టెంబరులో ఒక సంఘముగా ఏర్పడి, న్యాయాధిపతి చార్లెస్ మర్ఫీని అధికారిగా నియమించుకొని, 1954 అక్టోబరు 26న ‘కామిక్స్ కోడ్’ అను నియమావళిని అంగీకరించినారు. పత్రిక పేరులో ‘హారర్’, ‘టెర్రర్’ అను మాటలు ఉండరాదు. నడచెడి శవములు, రక్తపిశాచములు, తోడేలు మనుష్యులు కనిపింపరాదు. మంచి ఎల్లప్పుడును చెడ్డను జయింపవలెను. అధికారులను, పోలీసులను అగౌరవము కలుగునట్లు చూపరాదు. అట్టపై ఆ సంఘము ముద్ర లేని పత్రికలను పంపిణీదారులు కట్టలు విప్పకయే త్రిప్పి పంపినారు. గెయిన్స్ మూడు భయానక పత్రికలను నిలిపివేసినాడు. ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ 46వ సంచిక 1955 ఆరంభమున వెలువడి, అదే చివరిది అయినది. ఐదేండ్లలో అంతయు ముగిసినది.

పిల్లలను రక్షించుటకు కట్టిన ఈ గోడ వేరొక పని కూడ చేసినది. 1953లో ఇ.సి. వారు ‘జడ్జిమెంట్ డే’ అను కథను ప్రకటించినారు. భూలోకమునుండి ఒక వ్యోమగామి యంత్రమానవుల గ్రహమునకు తనిఖీకి పోవును. అక్కడ నారింజరంగు యంత్రములు నీలిరంగు యంత్రములను వేరు వీథిలో ఉంచి హీనముగా చూచుచుండును. లోపలి మరలు మాత్రము రెండింటికిని ఒక్కటే. ఈ గ్రహము ఇంకను మహామండలిలో చేరదగినది కాదని వ్యోమగామి తీర్పు చెప్పి పోవును. చివరి గడిలో అతడు శిరస్త్రాణము తీయగా, అతడు నల్లజాతివాడని తెలియును. 1956 ఆరంభమున ఈ కథను తిరిగి ప్రచురింపబోగా, నియమావళి అధికారి వ్యోమగామి నల్లవాడు కారాదన్నాడు. తరువాత, అతని ముఖముపై నక్షత్రములవలె మెరయు చెమట బిందువులనైనను తీసివేయుమన్నాడు. గెయిన్స్ అంగీకరింపలేదు. కథ మార్పు లేకుండ అచ్చయినది. ఇ.సి. వెలువరించిన చివరి చిత్రకథా సంచిక అదియే. 1952లో ఆరంభించి 1955లో నియమావళికి లోబడని పెద్ద పత్రికగా మార్చిన హాస్యపత్రిక ‘మ్యాడ్’ మాత్రము నిలిచి ఆ సంస్థను బ్రతికించినది.

ఈ కలకలము అమెరికా సరిహద్దులలో ఆగలేదు. 1954 సెప్టెంబరులో స్కాట్లండులోని గ్లాస్గోలో, గోర్బల్స్ పేటకు చెందిన వందలకొలది పిల్లలు కర్రలు, కత్తులు పట్టుకొని శ్మశానముపై దండెత్తినారు. ఇనుప పండ్లుగల రక్తపిశాచము ఇద్దరు బాలురను మ్రింగినదని వారి నమ్మకము. అమెరికా చిత్రకథలే దీనికి కారణమని పెద్దలు నిర్ణయించినారు. తరువాత పరిశీలించినవారికి అట్టి పిశాచము గల చిత్రకథ ఒక్కటియు దొరకలేదు. ఇనుప పండ్ల జంతువు మాత్రము బైబిలులోని దానియేలు గ్రంథములో ఉన్నది. అట్టి రాక్షసి ఒక పాత స్కాచి పద్యములోను ఉన్నది. అయినను 1955లో బ్రిటిషు పార్లమెంటు, పిల్లలకు హాని చేయు ప్రచురణలను నిషేధించుచు ఒక చట్టము చేసినది. మన పార్లమెంటు కూడ 1956లో యువజనుల హానికర ప్రచురణల చట్టమును ఆమోదించినది. ఇరువదియేండ్లలోపువారిని చెడగొట్టునట్లు నేరములను, క్రూరకృత్యములను, జుగుప్సాకరమైన లేదా ఘోరమైన సంఘటనలను వర్ణించు ప్రచురణలకు అది వర్తించును. బ్రిటిషు చట్టము ముఖ్యముగా బొమ్మల కథలనే లక్షించినది. మన చట్టము బొమ్మలున్నను లేకున్నను ఒక్కటే యన్నది.

తరువాతి చరిత్ర క్లుప్తముగా చెప్పవచ్చును. 1964లో వారెన్ సంస్థ ‘క్రీపీ’ అను పత్రికను నలుపు తెలుపులలో, పెద్ద ఆకారములో వెలువరించి, నియమావళికి వెలుపల నిలిచినది. దానికిని ఒక కథకుడు ఉన్నాడు. 1971లో నియమావళిని సడలించి, ప్రసిద్ధ సాహిత్య సంప్రదాయము ననుసరించి చిత్రించినచో రక్తపిశాచములకు అనుమతి ఇచ్చినారు. 1972లో ఇ.సి. కథలు ఐదింటితో బ్రిటనులో ఒక చలనచిత్రము వచ్చినది; మేము పైన చెప్పిన వృద్ధుని కథ, అంధుల కథ రెండును అందులో ఉన్నవి. 1989 నుండి 1996 వరకు నేలమాళిగ కావలివాడు టెలివిజనులో వెకిలి నవ్వు నవ్వినాడు. 2011లో చివరి ప్రచురణకర్తలును విడిచిపెట్టగా నియమావళి తనంత తానే కన్నుమూసినది. 2012లో కేరల్ టిల్లీ అను పరిశోధకురాలు వెర్థామ్ దాచిన కాగితములను ఆయన గ్రంథముతో పోల్చి చూచి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన పలుచోట్ల మార్చినాడని, కలిపినాడని, పెంచినాడని నిరూపించినది. మంచి ఉద్దేశముతో చేసినను కూటసాక్ష్యము కూటసాక్ష్యమే. పిల్లల పేరున పోరాడినవాడు ఆ పిల్లల మాటను యథాతథముగా వినకపోవుట ఈ చరిత్రలోని మిక్కిలి విచారకరమైన ఘట్టమని మా అభిప్రాయము.

ఈ చరిత్రనుండి గృహస్థులు గ్రహింపదగినది కొంత కలదు. భయానక కథను కోరుట పిల్లవానిలోని దోషము కాదు. చావు, అన్యాయము, చీకటి లోకములో ఉన్నవని వానికి తెలియును. వానిని గూర్చి ఎవరైనను మాట్లాడవలెనని వాడు కోరును. ఇంటిలో ఎవరును మాట్లాడనప్పుడు పది సెంట్ల కావలివాడు మాట్లాడినాడు. వాని మాట కొన్నిసార్లు న్యాయమైనది, కొన్నిసార్లు మోటైనది, కొన్నిసార్లు కేవలము అంగడి సరకు. ఈ మూడింటిని వేరుచేయుట చట్టమునకు సాధ్యము కాలేదు. వెర్థామ్ ఆ వివేచన చేయలేదు. ‘జడ్జిమెంట్ డే’ కథను ఆపబోయిన అధికారియు చేయలేదు. అది కథలను చదివి చూచిన పెద్దవాడు మాత్రమే చేయగల పని.

కనుక ఇంటిలోని పిల్లలు ఏ భయానక కథను వినుచున్నను, చదువుచున్నను, చూచుచున్నను, దానిని లాగికొని దాచుటకు ముందు ఒకసారి తామును చదివి చూడుడని తల్లిదండ్రులకు మా విన్నపము. అందులో దుష్టునికి శిక్ష పడినదా, బాధితుని యెడ జాలి కలిగినదా, లేక గాయములను లెక్కపెట్టుటయే కథ అయినదా యని పిల్లలతోనే చర్చింపుడు. ప్రతి కథ చివరను విక్రమార్కునికి ఒక ప్రశ్న తప్పలేదు. ఆ ప్రశ్నను ఇంటిలో పెద్దలు అడుగుట మొదలుపెట్టినచో, పిల్లవానికి ఏ కథ వినదగినదో, ఏది కాదో కొంతకాలమునకు వానికే తెలియవచ్చును.